స్లైడ్ మీద రెండు గుడ్లు

మావయ్య మోషన్ శాంపిల్ చూసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ నన్ను ఆ విషయంలో ఒక్క మాట అనలేదు గానీ నాకు మాత్రం ఆ స్లైడ్ ఇంకా కళ్ళ ముందే ఉంది.

గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో 19 ఏళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నా. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, అప్పటికి ఆయనకి 58 ఏళ్ళు, మూడెకరాల వరి, నాలుగు గేదెలు, గట్టు మీద చెప్పులేసుకుని నడిచిన మనిషి కాదు. ఆ ఏడు దాళ్వా ఊడ్పులప్పుడు ఆయాసం వస్తోందని, నాలుగు అడుగులేస్తే గుండె దడదడలాడుతోందని వస్తే రక్తం తీశా. హిమోగ్లోబిన్ 6.9. స్మియర్ వేసి, అంటే రక్తపు చుక్కని గాజు పలక మీద పల్చగా పరిచి చూస్తే ఎర్రకణాలన్నీ చిన్నచిన్నగా, మధ్యలో పాలిపోయి ఉన్నాయి, అంటే ఐరన్ లేదు, ఎక్కడో రక్తం పోతోంది. రేపొద్దున మోషన్ తీసుకురా మావయ్యా అన్నా.

సెలైన్ చుక్కలో పుల్లతో కాస్త కలిపి, కవర్‌స్లిప్ వేసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి సాళ్ళు దున్నినట్టు వరసగా జరుపుకుంటూ చూస్తాం మేము. అలా చూస్తుంటే ఒకటి దొరికింది. కోడిగుడ్డు ఆకారం, పల్చటి పెంకు, లోపల నాలుగు కణాలు ముద్దగా, ఆ ముద్దకీ పెంకుకీ మధ్యలో గాజులాంటి ఖాళీ. కొంకి పురుగు గుడ్డు, పేగులో ఉండి రక్తం తాగే హుక్‌వర్మ్. చూస్తే ఎవరూ పొరబడని గుడ్డు అది. ఇంకాస్త జరిపితే ఇంకోటి. మొత్తం స్లైడ్‌లో రెండే.

"దొరికింది మావయ్యా, పురుగులే, ఏం భయం లేదు" అని ఫోన్ చేసి మరీ చెప్పింది నేనే. అందరం ఎంత సంతోషపడ్డామో. డాక్టర్ గారు ఆల్బెండజోల్ 400 ఇచ్చారు, ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలకి 8.4కి వచ్చింది, ఇంకేముంది అనుకున్నాం. ఐరన్ మాత్రలు ఆపాక మళ్ళీ 7.2. మళ్ళీ ఆల్బెండజోల్. ఈసారి మోషన్‌లో గుడ్లే లేవు, అయినా "ఎక్కడో మిగిలి ఉంటాయిలే" అనుకున్నాం, నేను కూడా అలానే అనుకున్నా. ఒకరోజు అత్తయ్య ఫోన్ చేసి, "ఏమే బుజ్జీ, మీ మావయ్య మొలతాడు జారిపోతోందే, రెండుసార్లు ముడి బిగించాను" అంది. ఆ మాటకి నా కాళ్ళు చల్లబడిపోయాయి. తీసుకొచ్చి పడుకోబెట్టి చూస్తే కుడివైపు పొత్తికడుపు పైన చేతికి తగులుతోంది గడ్డ. సిటీకి తీసుకెళ్ళి కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, చేయిస్తే పెద్దపేగు మొదట్లోనే కణితి, బయాప్సీలో క్యాన్సర్. మొదటి స్లైడ్ చూసిన రోజు నుంచి లెక్కేస్తే ఏడు నెలలు.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. పేగు కుడి భాగం తీసేశారు, రెండు లింఫ్ గడ్డల్లోకి కూడా పాకిందన్నారు, కీమో పెట్టారు. ఆపరేషన్ అయిన మూడో రోజు వార్డులో నేను పక్కన కూర్చుంటే మావయ్య చాలాసేపు ఫ్యాన్ వంక చూసి, "ఆ పురుగే చేసిందంటావా ఇదంతా?" అని అడిగాడు.

కాదు మావయ్యా అన్నా. అన్నానే గానీ నాకు నిజంగా తెలీదు. మా కోర్సులో పురుగుల గుడ్లు గుర్తుపట్టడం నేర్పారు, పురుగుకీ క్యాన్సర్‌కీ సంబంధం ఎంతవరకు ఉందో నేర్పలేదు. ఆ తర్వాత రాత్రుళ్ళు కూర్చుని చదివా, దొరికినవాళ్ళందరినీ అడిగా. ఆ చదివినదంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న చాలా మంది అడుగుతున్నారు, యూట్యూబ్‌లో వాళ్ళకి దొరుకుతున్న జవాబులు చూస్తే నాకు భయమేస్తోంది.

పురుగు వల్ల క్యాన్సర్ రావడం అనేది ఉత్త మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటి ఉంది, దేనివల్ల క్యాన్సర్ వస్తుందో తేల్చి జాబితా వేస్తుంది. అందులో అనుమానమే లేకుండా వస్తుంది అని తేల్చిన మొదటి గ్రూపులో పొగాకు పక్కనే మూడు పురుగులున్నాయి. థాయిలాండ్ ఈశాన్యంలో పచ్చి చేపలు తినేవాళ్ళకి పిత్తనాళంలో చేరే లివర్ ఫ్లూక్, చైనా, కొరియా వైపు ఉండే దాని తోబుట్టువు, ఈజిప్టు, ఆఫ్రికా వైపు మూత్రాశయం క్యాన్సర్ తెచ్చే షిస్టోసోమా హీమటోబియం. మూడూ ఉన్నాయి గానీ మూడింట్లో ఒక్కటి కూడా పెద్దపేగుది కాదు. పెద్దపేగు దగ్గరికొచ్చేసరికి గట్టిగా పేరు వినపడేది వీటికి చుట్టమే, షిస్టోసోమా జపానికం, దాన్ని ఆ సంస్థ 1994లో "క్యాన్సర్ తేవచ్చు" అనే 2బి గ్రూపులో పెట్టింది.

దీని గురించి చదువుతుంటే నాకు మా ఊరి గురించి చదువుతున్నట్టే అనిపించింది. వరి చేలు, కాలవలు, గేదెలు, మోకాలి లోతు నీళ్ళలో ఊడ్పులు. బియ్యపు గింజంత నత్త ఒకటి కాలవ ఒడ్డున ఉంటుంది, దాని కడుపులోంచి కంటికి కనపడని పిల్లలు నీళ్ళలోకి వస్తాయి, నీళ్ళలో కాలు పెట్టిన మనిషి చర్మాన్ని నిమిషాల్లో తొలుచుకుని లోపలికి పోతాయి. అక్కడి నుంచి ఊపిరితిత్తులు, లివరు, చివరికి పేగుల రక్తనాళాల్లో కాపురం. ఈ పురుగు పేగు లోపల ఉండదు, పేగుకి వెళ్ళే సిరల్లో ఉంటుంది, మగదాని ఒంటి మీదున్న గాడిలో ఆడది ఒదిగి ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆడది రోజుకి వెయ్యి నుంచి మూడు వేల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు బయటపడాలంటే పేగు గోడని చీల్చుకుని లోపలికి రావాలి, చాలా గుడ్లు ఆ గోడలోనే ఇరుక్కుపోతాయి. ఇరుక్కున్న ప్రతి గుడ్డు చుట్టూ మన రక్షణ కణాలు చేరి వాపు, తర్వాత మచ్చ, పక్కన ఇంకో గుడ్డు, మళ్ళీ వాపు. ఇరవై ముప్పై ఏళ్ళు అలా పుండు పడటం, మానడం, పడటం, మానడం. మానిన ప్రతిసారీ కణాలు కొత్తగా చీలాలి, చీలినప్పుడల్లా తప్పు జరగడానికి ఒక అవకాశం. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి పేగు క్యాన్సర్ ముప్పు పెరిగేది కూడా ఈ దారిలోనే. చైనాలో షాంఘై దగ్గర జియాషాన్ అని ఒక కౌంటీ ఉంది, ఈ పురుగు బాగా ఉన్న ప్రాంతం, 1970లలో చావుల లెక్కలు తీసినప్పుడు పెద్దపేగు క్యాన్సర్ చావుల్లో దేశంలోనే పైన ఉన్న చోట్లలో అది ఒకటి. అక్కడ ఆపరేషన్ చేసి తీసిన పేగు ముక్కల్లో గట్టిపడిపోయిన పాత గుడ్లు కనపడటం మామూలు విషయం. ఆ ముక్కల ఫోటోలు చూశా నేను, గులాబీ రంగు కణజాలంలో నల్లగా చితికిన గింజల్లా ఉన్నాయి.

ఇది నిన్నమొన్నటి జబ్బు కూడా కాదు. 1972లో చైనాలో మావాంగ్‌దుయ్ అనే చోట ఒక దొరసాని సమాధి తవ్వారు, రెండు వేల ఏళ్ళ పైబడిన శరీరం, చర్మం మెత్తగానే ఉంది, కడుపులో ఆవిడ చివరిగా తిన్న పుచ్చ జాతి గింజలు కూడా ఉన్నాయి. ఆవిడ లివరులో, పురీషనాళంలో ఇవే గుడ్లు. పట్టుబట్టలు కట్టుకున్న ఇంటావిడకే పట్టిందంటే ఊడ్చే కూలీల సంగతి ఆలోచించండి.

జపాన్‌లో కోఫు అనే లోయ ఉంది, అక్కడి ఊళ్ళకి పిల్లనివ్వాలంటే భయపడేవాళ్ళట, పొట్ట ఉబ్బి చచ్చిపోతారని. 1897లో సుగియామా నాకా అనే రైతు మహిళ చనిపోయే ముందు, నా ఒళ్ళు కోసి చూడండి, ఈ జబ్బేంటో కనిపెట్టండి అని చెప్పి మరీ శరీరం ఇచ్చింది, ఆ రోజుల్లో, ఒక పల్లెటూరి మనిషి. ఇక్కడ చదవడం ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయా. కోసి చూస్తే గుడ్లు కనపడ్డాయి గానీ పురుగు దొరకలేదు. 1904లో అదే ప్రాంతపు డాక్టర్ ఇంటి పిల్లిని కోస్తే కత్సురాడా అనే ప్రొఫెసర్‌కి పురుగు దొరికింది, 1913లో మియాయిరి అనే ఆయన నత్తని పట్టుకున్నాడు. ఇక ఆ తర్వాత నత్తల మీద యుద్ధం, కాలవలన్నిటికీ సిమెంటు వేసుకుంటూ పోయారు, చివరికి 1996లో జబ్బు పోయిందని ప్రకటించారు. దాదాపు వందేళ్ళు పట్టింది ఆవిడ అడిగినదానికి పూర్తి జవాబు రావడానికి.

మరి మన సంగతి? ఆ నత్త జాతి మన దగ్గర లేదు కాబట్టి ఆ పురుగూ లేదు. మన దేశంలో మనుషులకి షిస్టోసోమా అంటుకున్న చోటు అంటే రత్నగిరి జిల్లాలో గింవి అనే ఊరు, 1952లో బయటపడింది, అది కూడా మూత్రాశయం రకం. మన గేదెలకి, ఆవులకి ముక్కులో చేరి గురక పెట్టించే జబ్బు ఉంది కదా, ఆ పురుగు దీనికి చుట్టమే, పశువులదే తప్ప మనుషులది కాదు. అయితే ఒక మాట, మన పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌లో దావావ్ లాంటి చోట్ల ఎంబీబీఎస్ చదువుతున్నారు, ఆ దేశంలో మిందనావో, లేతె వైపు ఈ జపానికం పురుగు ఇప్పటికీ ఉంది. మంచినీళ్ళ వాగుల్లో, చేలల్లో దిగొద్దు నాన్నా అని ఒకసారి చెప్పండి. దిగి ఉంటే ఇక్కడికి వచ్చాక డాక్టర్‌కి ఆ విషయం చెప్పమనండి, ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది, నయమవుతుంది.

మన దగ్గర ఉండేవి ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకి పురుగులు. ఇవి పెద్దపేగు క్యాన్సర్ తెస్తాయని ఆ జాబితాలో ఎక్కడా లేదు. కొంకి పురుగు అసలు ఉండేదే చిన్నపేగులో. ఇంకోరకంగా కూడా ఆలోచించా. తరతరాలుగా చెప్పుల్లేకుండా బతికినవాళ్ళం, బహిర్భూమికి చేలల్లోకి వెళ్ళినవాళ్ళం, మనలో పురుగుల్లేని పిల్లాడు ఉండేవాడా? ఈ పురుగులే పెద్దపేగు క్యాన్సర్ తెచ్చేటట్టైతే ప్రపంచంలో మనకే ఎక్కువ ఉండాలి. ఉన్నది తలకిందులుగా, పురుగుల బెడద ఎప్పుడో పోయిన యూరప్, అమెరికాల్లో ఎక్కువ, మన దగ్గర వాళ్ళతో పోలిస్తే బాగా తక్కువ. తిండి, ఒళ్ళు పెరగడం, తాగుడు, సిగరెట్, వయసు, వంశంలో ఉండటం, వీటి పాత్ర పెద్దది. ఒక్క ఈ లెక్కతోనే అంతా తేలిపోదు గానీ మావయ్యకి నేను చెప్పిన "కాదు" అనే మాటకి నాకు మొదటి ధైర్యం ఇచ్చింది ఇదే.

ఇంకా తేలని కేసు ఒకటుంది, క్రిప్టోస్పోరిడియం. ఇది పురుగు కాదు, ఒకే కణం ఉండే జీవి, నీళ్ళ ద్వారా వస్తుంది, క్లోరిన్‌కి లొంగదు, 1993లో అమెరికాలో మిల్వాకీ ఊరి కుళాయి నీళ్ళలో కలిసి నాలుగు లక్షల మందికి విరేచనాలు పట్టించింది. ఫ్రాన్స్‌లో లీల్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రోగనిరోధక శక్తి లేని ఎలుకలకి దీన్ని ఎక్కిస్తే పేగుల్లో క్యాన్సరే వచ్చింది. లెబనాన్‌లో పేగు కణితులున్నవాళ్ళ ముక్కలు పరీక్షిస్తే 21 శాతంలో ఇది దొరికింది, కణితి లేనివాళ్ళలో 7 శాతం. వినగానే ఒళ్ళు జలదరిస్తుంది కదా. కానీ క్యాన్సర్ వచ్చినవాళ్ళకి నిరోధక శక్తి తగ్గుతుంది, తగ్గిన ఒంట్లో ఇలాంటివి తేలిగ్గా చేరతాయి. చెట్టు ముందా విత్తు ముందా? దీనికి జవాబు ఇంకా వెతుకుతున్నారు. అందాకా నేను మా ఇంట్లో చేస్తున్నదల్లా నీళ్ళు మరిగించడం, మరిగిస్తే అది చస్తుంది.

తొందరపడితే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. డెన్మార్క్‌లో ఫిబిగర్ అనే డాక్టర్ ఎలుకల కడుపులో కణితులు చూసి, బొద్దింకల ద్వారా వచ్చిన పురుగే దానికి కారణం అన్నాడు, 1926 సంవత్సరానికి నోబెల్ ఇచ్చారు. తర్వాత చూస్తే ఆ ఎలుకలకి విటమిన్ ఎ లేని తిండి పెట్టడం అసలు సంగతి, పురుగు మీద వేసిన నేరం నిలబడలేదు. బహుమతి చేతికి అందిన రెండు నెలల లోపే, 1928 జనవరిలో ఆయన చనిపోయాడు, అప్పటికే ఆయనకి పెద్దపేగు క్యాన్సర్.

ఇప్పుడు మళ్ళీ నా రెండు గుడ్ల దగ్గరికి వస్తా, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కొంకి పురుగుల్లో నెకేటర్ రకం ఒక్కోటి రోజుకి తాగే రక్తం సుమారు 0.03 మిల్లీలీటర్లు. రెండో రకం అంతకి ఐదారు రెట్లు తాగుతుంది. స్లైడ్ నిండా గుడ్లుంటే పదులు వందల పురుగులున్నట్టు, అప్పుడు హిమోగ్లోబిన్ 6కి దిగడంలో వింత లేదు. రెండే గుడ్లంటే మామూలుగా పురుగులు తక్కువే ఉన్నట్టు. పది నెకేటర్లు కలిసి తాగినా రోజుకి మిల్లీలీటరులో మూడో వంతు. తిండి తినే, పొలం దున్నే మగమనిషికి 6.9కి దిగడానికి అది చాలదు. దొరికిన దొంగ చిల్లర దొంగ, ఇల్లు దోచినవాడు ఇంకోడు. చిల్లర దొంగ దొరికాడని మేం తలుపులేసుకుని పడుకున్నాం.

కుడివైపు పేగులో కణితి ఇలానే మోసం చేస్తుంది. అక్కడ మలం ఇంకా పల్చగా ఉంటుంది కాబట్టి తొందరగా అడ్డు పడదు, మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, రక్తం చుక్కచుక్కగా కలిసిపోతుంది కాబట్టి ఎర్రగా కనపడదు. కనపడేదల్లా నీరసం, ఆయాసం. అందుకే మగవాళ్ళలోనూ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలోనూ ఐరన్ లోపం వల్ల రక్తహీనత బయటపడితే పైనుంచి ఎండోస్కోపీ, కిందనుంచి కొలనోస్కోపీ చేయించమని వైద్య నియమాలే చెబుతున్నాయి. మోషన్‌లో దాగున్న రక్తం పరీక్ష పాజిటివ్ వస్తే "పురుగులుంటే కూడా వస్తుందిలే" అంటారు, నిజమే వస్తుంది, కానీ ఆ మాటతో ఊరికే వదిలేయకండి, కొలనోస్కోపీ గురించి డాక్టర్‌ని అడగండి.

ఎడమవైపు వస్తే ఇంకో రకం తిప్పలు. జిగట, రక్తం, మళ్ళీమళ్ళీ వెళ్ళాలనిపించడం. మన ఊళ్ళలో దీనికి ఉన్న పేర్లు రెండే, మొలలు లేదా అమీబియాసిస్. మెట్రోజిల్ ఐదు రోజులు, తగ్గకపోతే మళ్ళీ ఐదు రోజులు. అమీబా పెద్దపేగులో నిజంగానే గడ్డ కడుతుంది, అమీబోమా అంటారు, కొలనోస్కోపీలో అచ్చం క్యాన్సర్ లాగే కనపడుతుంది, మందుతో కరిగిపోతుంది. క్యాన్సర్ అనుకుని ఏడ్చి ఇంటికొచ్చాక అమీబా అని తేలిన కుటుంబం నాకు తెలుసు. అటుది ఇటు, ఇటుది అటు రెండూ జరుగుతాయి, తేల్చేది బయాప్సీ ముక్క ఒక్కటే, అంతేగానీ ఎవరి అనుభవమూ కాదు, నా 19 ఏళ్ళ అనుభవం కూడా కాదు.

క్యాన్సర్ అంటేనే పురుగు, కుక్కలకి వేసే పురుగుల మందు వేసుకుంటే కరిగిపోతుంది అని వాట్సాప్‌లో తిరుగుతోంది. కీమో మూడో సైకిల్లో ఉండగా మావయ్య ఫోన్‌కి కూడా వచ్చింది. ఆ రోజుల్లో కీమో మందు వల్ల ఆయన చల్లటిది ముట్టుకుంటే వేళ్ళు కరెంటు కొట్టినట్టు లాగేసేవి, తెల్లారి చల్లటి పాల క్యాను పట్టుకోలేక తువ్వాలు చుట్టుకుని పట్టుకునేవాడు. ఆ బాధలో ఉన్న మనిషికి "కీమో మానెయ్, ఇది వేసుకో" అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి. దయచేసి అలాంటివి ఫార్వర్డ్ చేయకండి. పురుగుల మందు పురుగులకి మంచి మందు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న స్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ పిల్లలకి తప్పకుండా వేయించండి, వాళ్ళ రక్తానికి, ఎదుగుదలకి అది కావాలి. పెద్దపేగు క్యాన్సర్ పురుగుల మందుతో కరుగుతుందని మనుషుల్లో రుజువు చేసినవాళ్ళు లేరు.

మావయ్యకి ఆపరేషన్ అయి మూడేళ్ళు దాటింది. క్యాన్సర్ మళ్ళీ వస్తోందేమో చూసే సీఈఏ టెస్ట్‌కి మూడు నెలలకోసారి రక్తం నేనే తీస్తా, ఇప్పటిదాకా బాగుంది. జపాన్ సంగతి మొత్తం చెప్పా ఆయనకి, ఆ రైతు మహిళ గురించి, పిల్లి గురించి. అంతా విని, "కాలవలన్నిటికీ సిమెంటేస్తే మరి గేదెలు ఎక్కడ పడుకుంటాయే?" అన్నాడు. చేలోకి బూట్లేసుకుని వెళ్తున్నాడు ఇప్పుడు, అత్తయ్య పోరు పడలేక.

పోయిన నెల ఒక పెద్దావిడ శాంపిల్ వచ్చింది. 61 ఏళ్ళు, హిమోగ్లోబిన్ 7.4, కొంకి పురుగు గుడ్లు స్లైడ్ మొత్తంలో మూడు. రిపోర్ట్‌లో ఎప్పుడూ రాసే ముక్క రాసి, కింద "గుడ్ల సంఖ్య చాలా తక్కువ" అని ఇంకో లైను రాశా, డాక్టర్ గారికి ఫోన్ చేసి కూడా చెప్పా. ఆవిడ కొడుకు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కన కూర్చుని, ఇది పురుగులతో సరిపోయే లెక్క కాదండీ, రెండు వైపుల నుంచీ కెమెరా వేయించండి అన్నా. వాళ్ళమ్మ పేగు శుభ్రంగా ఉందట, కడుపులో మాత్రం పుండు, రక్తం కారుతోందట. మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ రెండు పూటలా వేసుకుంటున్న మాత్రలు ఆపించారు.